ఓటుకు మార్కులు

1947లో పుట్టిన ‘అమెరికన్స్ ఫర్ డెమొక్రాటిక్ యాక్షన్’ సంస్థ, విదేశాంగ విధానంపై వేసిన ఓట్లనుకూడా లెక్కకట్టి, అక్కడి కాంగ్రెసు సభ్యులకు ఏటా మార్కులు వేస్తూవచ్చింది. మన పార్లమెంటు సభ్యులకు అలా వేయగలమా? వేయలేమంటాను. 2009లో ఆసియాన్ వాణిజ్య ఒప్పందంపై ప్రభుత్వం సంతకం చేసింది. సభలో ఓటింగు లేదు. ఓటింగు జరిగినచోట 1985 నాటి ఫిరాయింపుల చట్టముంది. విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు.

విదేశీ వాణిజ్యం పసుపు ధరను తాకుతుంది. కాని మెండోర రైతు తన ప్రతినిధిని తూచడానికి ఓట్ల చిట్టా ఏది? 2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానానికి పోటీచేసిన 185 మందిలో 170కి పైగా రైతులే! పసుపు బోర్డు, మద్దతు ధర వారి కోర్కెలు. ఆ నామినేషన్లే వారు వేసిన మార్కులు. బోర్డు 2025లో వచ్చింది. ఒప్పందాలపై సభలో ఓటు ఉండాలన్న పోరాటం మిగిలేవుంది.