పత్తి సీమలో అరువు కొట్టు

అమెరికా దక్షిణాదిలో 1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయింది గాని, పాలికి దున్నే రైతు చేతిలో రొక్కం లేదు. ఊరి కొట్టు షావుకారు విత్తనం, ఎరువు, పిండి అరువిచ్చి, ఇంకా విత్తని పంటను తాకట్టు రాయించుకొనేవాడు. రొక్కానికొక ధర, అరువుకొక ధర! పైగా పత్తే వెయ్యమనేవాడు. తిండిగింజలు ఇంట పండితే కొట్టుకు గిరాకీ ఏదీ?

1896లో పల్లెల్లో ఇంటింటికీ టపా బట్వాడా మొదలైంది. సియర్స్ కంపెనీ క్యాటలాగు గడపలోకొచ్చింది. ధర అచ్చయి ఉండేది. నల్లవారికీ తెల్లవారికీ ఒకటే. కొన్నిచోట్ల కొట్టువాళ్లు ఆ పుస్తకాలు పోగేసి తగలబెట్టించారు. అయితే మొదట్లో అక్కడ అరువు లేదు, రొక్కమే. కనుక అప్పుపడ్డ రైతు బొమ్మలు చూసి, మళ్లీ పాత కొట్టుకే నడిచేవాడు.