చర్మ సంరక్షణ సామగ్రిలో న్యాయ వాణిజ్య ముడిసరుకులు

సబ్బులు, లేపనాలు, తైలాల తయారీకి కావలసిన గింజలు, నూనెలు, తేనె వంటి ముడిసరుకులను సేకరించేవారికి ముందే నిర్ణయించిన కనీస ధర చెల్లించి, పైగా వారి సంఘానికి ఉమ్మడి అవసరాల కోసం అదనపు మొత్తం ఇచ్చే కొనుగోలు పద్ధతి న్యాయ వాణిజ్యం. 1988లో నెదర్లాండ్స్‌లో కాఫీకి ముద్ర వేయడంతో మొదలైన ఈ ధ్రువీకరణ క్రమేణా పశ్చిమాఫ్రికా షియా వెన్న వంటి సౌందర్య సాధనాల సరుకులకూ విస్తరించింది.

తెలుగు ప్రాంతాల్లో దీనికి దగ్గరి ఏర్పాటు ముద్రగా కాక సహకార సంస్థగా రూపుదిద్దుకుంది. వానాకాలంలో అప్పిచ్చి, బాకీ కింద అడవి సరుకును చవకగా జమకట్టుకునే షావుకార్ల పట్టు నుంచి గిరిజనులను తప్పించడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ (జీసీసీ) ఏర్పడగా, 1979 నాటి నిబంధన షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఫలసాయం కొనే గుత్తాధికారాన్ని దానికి కట్టబెట్టింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు హైదరాబాదు కేంద్రంగా వేరే సంస్థ వచ్చింది. కుంకుడుకాయలు, కరక్కాయలు, తేనె, కానుగ గింజలు సంతలకూ డిపోలకూ చేరే సరుకుల్లో ముఖ్యమైనవి.

అటవీ సరుకుల్లో ఇప్ప పలుకుల శ్రమ ప్రత్యేకమైనది. వేసవి చివర రాలిన కాయలను ఏరి, గుజ్జు తీసి, గింజ పెంకు పగలగొట్టి, లోపలి పలుకులను తేమ పోయేదాకా ఎండబెడితేగాని గానుగకు పనికిరావు. చలికి గడ్డకట్టే ఆ నూనెను గిరిజన గృహాల్లో చర్మపు పగుళ్లకు రాసుకుంటారు, సబ్బు పరిశ్రమ కూడా దాన్ని కొంటుంది. 2013-14లో కేంద్రం అటవీ ఫలసాయానికి కనీస మద్దతు ధర ప్రకటించినప్పుడు తొలి జాబితాలోనే ఇప్ప పలుకులు, కానుగ గింజలు, కరక్కాయలు చోటు దక్కించుకున్నాయి. అయితే ఒక్కరే కొనుగోలుదారైన చోట ఆ ఒక్కరూ వేళకు సొమ్ము చెల్లించకపోతే సేకరించినవారికి దళారే దిక్కవుతాడు. పైగా 2006 అటవీ హక్కుల చట్టం ఈ ఫలసాయంపై యాజమాన్యాన్ని సేకరించేవారికే ఇచ్చినందున, గుత్తాధికారం దానితో పొసగడం కష్టమే.

హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్ట దుకాణాల్లో సబ్బు కొనేవారికి ఈ వ్యవహారమంతా కనిపించదు. 2020 సౌందర్య సాధనాల నియమాల ప్రకారం పదార్థాల పేర్లు పొట్లంపై ఉండాలేగాని, వాటిని ఎవరి వద్ద ఏ ధరకు కొన్నారో చెప్పనక్కరలేదు. పైన వేప కొమ్మో కలబంద మట్టో ముద్రించిన సబ్బులో సైతం ప్రధాన భాగం పామాయిలే కావచ్చు. “సహజం” అన్న మాట సరుకు స్వభావానికి వర్తిస్తుందేగాని, దాన్ని ఏరినవారికి ముట్టిన కూలికి కాదు.