సైన్యం కుదింపు – రాజపాళయం చెప్పే పాఠం

సైన్యంపై వ్యయాన్ని తగ్గించవలసిన అవసరం ప్రతి ప్రభుత్వానికీ ఏదో ఒక కాలంలో వస్తుంది. యుద్ధం ముగిసినప్పుడు, ఖజానా వట్టిపోయినప్పుడు, ఆయుధాల తీరు మారినప్పుడు పటాలాల సంఖ్య తగ్గుతుంది. తుపాకి అప్పగించిన సిపాయి మరునాటి నుండి ఏమి తిని బ్రతకాలన్నది ఆ లెక్కలలో తరచుగా చివరికి వచ్చే ప్రశ్న. దానిని మొదటనే అడగకపోతే ఏమవుతుందో, ఆధారం ఉన్నవారు ఎట్లా నిలదొక్కుకొంటారో రాజపాళయం పరిసరాల చరిత్ర తెలుపుతుంది.

పాళయం అనే మాట

తమిళంలో పాళయం, తెలుగులో పాళెం అంటే దండు విడిసిన చోటు. పాళెగాడు అన్న పేరు దానినుండి వచ్చినదే. 16వ శతాబ్దంలో మదురై నాయక రాజ్యాన్ని నెలకొల్పిన విశ్వనాథ నాయకుడు, అతని దళవాయి అరియనాథ మొదలియారు రాజ్యాన్ని 72 పాళయాలుగా విభజించారని ప్రసిద్ధి. పాళెగాడు తన రాబడిలో ఒక భాగాన్ని నాయకునికి చెల్లించి, ఒక భాగంతో సేనను పోషించి, మిగిలినది తాను అనుభవించేవాడు. సిపాయికి నెల జీతం కంటె భూమి, కావలి రుసుము ముఖ్యమైన ఆధారాలు.

విరుదునగర్ జిల్లాలో పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయం ఆ వ్యవస్థ గుర్తును పేరులోనే నిలుపుకొన్నది. ఇక్కడి తెలుగు రాజుల పూర్వీకులు విజయనగర కాలంలో సేనలతో దక్షిణానికి వచ్చినవారని సంప్రదాయ కథనం. నేటికీ ఆ ఇళ్ళలో తెలుగు వినిపిస్తుంది.

1801 నాటి ఆయుధ నిషేధం

పాళెగాళ్ళ సేనలను రద్దు చేసినది ఈస్టిండియా కంపెనీ. పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరి తీశారు. 1801లో తిరిగి చెలరేగిన పోరు అణగిన తరువాత ఆ కోటను నేలమట్టం చేశారు. అదే సంవత్సరం డిసెంబరులో మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ చేసిన ప్రకటనతో పాళెగాళ్ళ ఆయుధాలు, కోటలు నిషిద్ధమయ్యాయి. మిగిలిన పాళెగాళ్ళు కిస్తు కట్టే జమీందారులుగా మారారు.

పాళెగాడికి జమీందారీ దక్కింది గాని, అతని క్రింద ఈటె పట్టినవానికి దానితో సమానమైన ఏర్పాటు జరగలేదు. పాళెగాళ్ళు వసూలు చేసుకొనే దేశకావలి రుసుములు రద్దయ్యాయి. ఊళ్ళను కాచి బ్రతికిన కుటుంబాలకు కావలి హక్కే జీవనాధారం. అది పోయినచోట కొత్త వృత్తి చూపినవారు లేరు. నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించిన తరువాత, తరతరాలుగా కావలి కాసిన సమూహాలు కొన్ని ఆ జాబితాలోకి ఎక్కాయి. ఒకనాటి రక్షకుల మనుమలు పోలీసు ఠాణాలో హాజరు వేయించుకోవలసి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరంలో గాని మద్రాసులో ఆ చట్టం తొలగలేదు.

భూమి ఉన్నవారి దారి వేరు. రాజపాళయం రాజులు కాలక్రమాన సేద్యంలో స్థిరపడ్డారు. సేద్యపు మిగులు వ్యాపారానికి, వ్యాపారపు మిగులు పరిశ్రమకు దారి తీసింది. పి.ఎ.సి. రామస్వామి రాజు 1936లో రాజపాళయం మిల్స్ స్థాపించారు. ఈ ఊరివారే అయిన పి.ఎస్. కుమారస్వామి రాజా 1949 నుండి 1952 వరకు మద్రాసు ముఖ్యమంత్రిగా పనిచేశారు. ప్రక్కనే ఉన్న సత్రపట్టి నేడు ఆసుపత్రులకు కట్టుగుడ్డ నేసే కేంద్రం. దండు విడిసిన నేల మగ్గాల నేలగా మారటానికి తరాలు పట్టింది. చేతిలో భూమి ఉండటం వలన ఆ తరాలు గడిచాయి.

పొదుపు పేరిట పోయిన మద్రాసు పటాలం

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత భారత ప్రభుత్వం అప్పులలో పడింది. 1922-23లో ఇంచ్‌కేప్ అధ్యక్షతన ఏర్పడిన వ్యయ తగ్గింపు సంఘం సైనిక ఖర్చుకు పెద్ద కోత సూచించింది. అప్పటికే దక్షిణాది వారు యుద్ధానికి తగరన్న అభిప్రాయం ఆంగ్లేయ సేనానులలో పాతుకొని ఉన్నది. కోత పడవలసి వచ్చినప్పుడు మూడవ మద్రాసు రెజిమెంటు దానికి గురి అయింది; 1928 నాటికి దాని పటాలాలు రద్దయ్యాయి. మద్రాసు పయనీర్లు 1933లో పోయారు. సాపర్లు మాత్రం నిలిచారు.

రెండవ ప్రపంచ యుద్ధం రాగానే అదే ప్రభుత్వం 1941-42లో మద్రాసు రెజిమెంటును మళ్ళీ నిర్మించవలసి వచ్చింది. తండ్రి నుండి కొడుకుకు, సుబేదారు నుండి కొత్త జవానుకు అందే అనుభవం ఒకసారి తెగితే, దానిని తిరిగి కూర్చటానికి అయ్యే ఖర్చు మిగిల్చిన పొదుపు లెక్కలో ఎక్కదు.

రెండు ఇటీవలి ఉదాహరణలు

ఇరాక్‌లో 2003 మే నెలలో అమెరికా పాలనాధికారి పాల్ బ్రెమర్ ఒక్క ఉత్తర్వుతో ఆ దేశపు సైన్యాన్ని రద్దు చేశాడు. లక్షల మంది ఆయుధ విద్య తెలిసినవారు జీతం లేక వీధిన పడ్డారు. వారిలో కొందరు తిరుగుబాటు దళాలలో చేరారు. నెలల తరువాత భత్యాలు ప్రకటించినా జరిగిన కీడు ఆగలేదు.

మన దేశంలో సైనిక పాడి క్షేత్రాల మూసివేత ఇందుకు భిన్నం. మొదటి క్షేత్రం 1889లో అలహాబాదులో వెలసింది. శేకట్కర్ సంఘం సిఫారసుల తరువాత 39 క్షేత్రాలను మూసివేయాలని 2017లో నిర్ణయించి, 2021 మార్చి 31న ఆ పని ముగించారు. పశువులను ప్రభుత్వ శాఖలకు, సహకార పాడి సంఘాలకు నామమాత్రపు ధరకు ఇచ్చారు. సిబ్బందిని రక్షణ శాఖలోనే ఇతర పనులకు మార్చారు. ముందుగా చెప్పి, మెల్లగా, మనుషులకు చోటు చూపి చేసిన కుదింపు ఇది.

అగ్నిపథ్ – నేటి ప్రశ్న

2022-23 రక్షణ బడ్జెటు 5.25 లక్షల కోట్ల రూపాయలు. అందులో పింఛన్లకే సుమారు 1.19 లక్షల కోట్లు. అదే ఏడు జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. నియమితులలో నాలుగేళ్ళ తరువాత 25 శాతం వరకు సైన్యంలో కొనసాగుతారు. తక్కినవారికి వడ్డీతో సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి, నైపుణ్య ధ్రువపత్రం లభిస్తాయి. పింఛను, గ్రాట్యుటీ, మాజీ సైనికోద్యోగి హోదా లేవు. ఆ ప్రకటన మీద జూన్ 17న సికింద్రాబాదు రైల్వే స్టేషనులో జరిగిన అల్లర్లలో ఒక యువకుడు ప్రాణం కోల్పోయాడు. కేంద్ర సాయుధ పోలీసు దళాలలో 10 శాతం ఉద్యోగాలు వారికి కేటాయిస్తామని ప్రభుత్వం ఆ రోజులలోనే తెలిపింది.

సైన్యం యౌవనంతో ఉండాలన్న వాదన, పింఛను భారం తగ్గాలన్న వాదన త్రోసిపుచ్చదగినవి కావు. అయితే భూమి గల కుటుంబపు యువకునికి సేవానిధి పెట్టుబడి. భూమి లేని ఇంటి యువకునికి అది అప్పులు తీరేలోపలే కరిగే సొమ్ము. 1801లో కావలివాడికి, పాళెగాడికి మధ్య కనిపించిన తేడా ఇదే.

పాటించవలసిన క్రమం

కోత విధించేముందు మూడు ఏర్పాట్లు ఉండాలి. మొదటిది, వెలుపలికి వచ్చేవారి ఉద్యోగాలు ప్రకటనలలో గాక నియామక పత్రాలలో కనబడటం. రెండవది, వారి పేర్లు, నేర్చిన పనులు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలలో నమోదై, ఊరికి చేరిన నాటినుండే ఎవరో ఒకరు బాధ్యత వహించటం. మూడవది, తగ్గించే విభాగాలలోని అనుభవజ్ఞులను శిక్షకులుగా నిలుపుకొనటం.

కుటుంబాలు చేయవలసినదీ ఉన్నది. విడుదల పత్రం, సేవా పుస్తకం, నైపుణ్య ధ్రువపత్రం, బ్యాంకు కాగితాలు ఒకచోట భద్రపరచాలి. నాలుగవ ఏడు ముగిసేవరకు ఆగక, మూడవ ఏటనే తరువాతి చదువు లేదా పని నిర్ణయించుకోవాలి. సేవానిధిలో కొంత భాగాన్నయినా ముట్టకుండా ఉంచగలిగితే, సైన్యం విడిచిన బిడ్డకు అది రాజపాళయం రాజులకు సేద్యపు నేల నిలిచినట్లు నిలుస్తుంది.