సూరత్ సమాధులు, లండన్ చర్చి జడ్జీలు

గుజరాత్‌లోని సూరత్‌లో ఉత్తరం వైపు వెళితే కతార్‌గామ్ దర్వాజా దగ్గర పాత ఇంగ్లీషు శ్మశానం ఒకటి కనిపిస్తుంది. అందులో అన్నిటికంటే ఎత్తుగా నిలబడ్డ రెండంతస్తుల కట్టడాన్ని చూసి ఏ నవాబుదో అనుకుంటారు కొత్తవాళ్లు. దాదాపు 40 అడుగుల ఎత్తు, లావుపాటి స్తంభాలు, కమానులు, పై అంతస్తుకు మెట్లు, మీద గుమ్మటం, అంతా ఇక్కడి ముస్లిం సమాధుల పోకడే. లోపల ఉన్నది మాత్రం ఇంగ్లండ్‌లోని కెంట్ సీమ నుంచి వచ్చిన అన్నదమ్ములు. క్రిస్టఫర్ ఆక్సెండెన్ 1659లో పోయాడు. ఈస్టిండియా కంపెనీ సూరత్ కోఠీకి, అంటే వర్తక స్థావరానికి పెద్ద, 1664లో శివాజీ సూరత్‌ను కొల్లగొట్టినప్పుడు కోఠీని కాపాడుకున్నవాడు అయిన సర్ జార్జ్ ఆక్సెండెన్ 1669లో పోయాడు.

ఆ ఇంటివాళ్ల సంగతి ఇక్కడితో అయిపోలేదు. ఈ అన్నదమ్ముల తోబుట్టువు యాన్ కొడుకు స్ట్రైన్‌షామ్ మాస్టర్. 1656లో కుర్రవాడుగా సూరత్‌లో దిగి పని నేర్చుకుని, తర్వాత చెన్నపట్నం కోటకు అధిపతి అయ్యాడు. తెలుగు తీరాన మచిలీపట్నం, మాధవాయపాలెం ఫ్యాక్టరీలకు వెళ్లి స్వయంగా లెక్కలు తనిఖీ చేసి, అదంతా దినచర్యలో రాసుకున్నది ఈయనే. కెంట్‌లోనే ఉండిపోయిన మేనమామ సర్ హెన్రీకి ఒక కొడుకు. అతని పేరూ జార్జ్ ఆక్సెండెనే. మన వరసల్లో చెప్పుకుంటే మాస్టర్‌కు బావమరిది. కేంబ్రిడ్జిలో రోమన్ న్యాయశాస్త్రం బోధించే ఆచార్యుడు. 1703లో చనిపోయేనాటికి ఆంగ్లికన్ చర్చి కోర్టులన్నిటిలోకీ పెద్ద న్యాయమూర్తి పదవిలో ఉన్నాడు. ఆ పదవి పేరు డీన్ ఆఫ్ ది ఆర్చెస్.

డీన్ అంటే మామూలుగా ఒక పెద్ద చర్చికి అధిపతి అయిన పాదిరి. ఈ డీన్ అలాంటివాడు కాదు, కోర్టులో కూర్చుని తీర్పు చెప్పే న్యాయవేత్త. లండన్ నగరం నడిబొడ్డున సెయింట్ మేరీ లీ బో అనే చర్చి ఉంది. దాని నేలమాళిగలోని రాతి కమానుల వల్లనే కోర్టుకు ఆ పేరు వచ్చింది. మొదట్లో ఈ డీన్ అధికారం కాంటర్బరీ ఆర్చిబిషప్పుకు నేరుగా లోబడిన 13 లండన్ పారిష్‌ల వరకే. కాలక్రమంలో ఆర్చిబిషప్పు తరఫున అప్పీళ్లు వినే న్యాయాధికారి పదవి కూడా ఆయనలోనే కలిసిపోయింది. దక్షిణ ఇంగ్లండ్‌లో ఏ బిషప్పు కోర్టు తీర్పు నచ్చకపోయినా ఆయన ముందుకే రావాలి.

1666 అగ్నిప్రమాదంలో లండన్ తగలబడ్డాక ఈ కోర్టు సెయింట్ పాల్స్ కథీడ్రల్ పక్కన డాక్టర్స్ కామన్స్ అనే భవనంలో స్థిరపడింది. అక్కడి వకీళ్లు మామూలు ఇంగ్లీషు చట్టం చదివినవాళ్లు కారు. రోమన్ చట్టంలోనూ చర్చి చట్టంలోనూ డాక్టరేట్ పుచ్చుకున్నవాళ్లు. ఎర్రటి అంగీలు వేసుకునేవారు. జ్యూరీ ఉండదు. సాక్షులు బోనెక్కరు. ఎవరు ఏం చెప్పినా ముందే గదిలో కూర్చోబెట్టి రాయించుకుంటారు, ఆ కాగితాల మీదనే వాదన నడుస్తుంది. నవలా రచయిత చార్ల్స్ డికెన్స్ చిన్న వయసులో అక్కడ షార్ట్‌హ్యాండ్ రాసుకునే పనిచేశాడు.

చర్చి కోర్టంటే దైవదూషణ, మత సిద్ధాంతాల తగువులే ఉంటాయనుకుంటాం. నిజానికి అక్కడికి వచ్చేది సంసారం. పెళ్లి చెల్లుతుందా, భార్యాభర్తలు కలిసి ఉండాలా, చనిపోయినవాడి వీలునామా నిజమైనదా, ఫలానావాడు ఫలానా ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాడా, శవాన్ని ఎక్కడ పాతిపెట్టాలి, ఇవీ దావాలు. 1809లో డీన్ సర్ జాన్ నికోల్ ముందుకు ఒక పసిబిడ్డ కేసు వచ్చింది. ఆ బిడ్డకు బాప్తిస్మం ఇచ్చింది ఆంగ్లికన్ పాదిరి కాదు, విడిగా నడిచే సంఘం బోధకుడు. అందుకని ఊరి పాదిరి ఖననం చేయనన్నాడు. నికోల్ పాత చర్చి చట్టాలన్నీ తిరగేసి, నీళ్లతో త్రిత్వం పేరున ఇచ్చింది బాప్తిస్మమే, పాదిరి చేసింది తప్పు అని తీర్పిచ్చాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల పక్షాన చట్టం నిలబడింది. ఈ వ్యవస్థ చేసిన మంచి పనుల్లో అది ఒకటని చెప్పాలి.

ఇక సూరత్. 1613లో జహంగీర్ ఫర్మానాతో ఇంగ్లీషువాళ్లు కోఠీ తెరిచారు. పాదిరి ఉండేవాడు, ఉదయం సాయంత్రం ప్రార్థన ఉండేది. బిషప్పు లేడు, చర్చి కోర్టు లేదు. ప్రార్థనకు రానివాడికి, తాగి గొడవచేసినవాడికి, ఒట్లు పెట్టి తిట్టినవాడికి కోఠీ పెద్దే జరిమానా వేసేవాడు. స్వదేశంలో బిషప్పు కోర్టు చేసే పని ఇక్కడ మిరియాలు, నీలిమందు, బట్టల లెక్కలు చూసే వ్యాపారి చేతికి వచ్చిందన్నమాట.

ఒక్క పని మాత్రం అతని వల్ల అయ్యేది కాదు. సూరత్ ఎండకూ జ్వరాలకూ కంపెనీ ఉద్యోగులు కుర్రతనంలోనే పోయేవారు. మనిషి పోగానే పెట్టె తెరిచి చొక్కాలు, కత్తి, పుస్తకాలు, సరుకు, రావాల్సిన బాకీలు వరసగా రాసి, సామాను వేలం వేసి, సొమ్ము కంపెనీ పద్దులో జమ కట్టేవారు. ఇంగ్లండ్‌లో ఉన్న ఆస్తి వారసులకు చేరాలంటే మాత్రం వీలునామా ఓడెక్కి లండన్ పోవలసిందే. విదేశాల్లో చనిపోయినవాళ్ల వీలునామాలకు ప్రొబేటు, అంటే చెల్లుబాటు ధ్రువీకరణ, ఇచ్చేది డాక్టర్స్ కామన్స్‌లోనే కూర్చునే కాంటర్బరీ ప్రెరోగేటివ్ కోర్టు. జార్జ్ ఆక్సెండెన్ కాలంలో దానికి వేరే జడ్జి ఉన్నాడు. తర్వాతి కాలంలో ఆ పదవి కూడా డీన్ ఆఫ్ ది ఆర్చెస్ చేతికే వచ్చి, నూరేళ్లకు పైగా అలాగే సాగింది. 1726 రాజశాసనంతో చెన్నపట్నం, బొంబాయి, కలకత్తాల్లో మేయరు కోర్టులు పెట్టి ప్రొబేటు అధికారం ఇచ్చేసరికి ఈ దూరాభారం కొంత తగ్గింది. అయినా పాటించింది లండన్ పద్ధతినే. ఆ పాత వీలునామాలు ఇప్పటికీ లండన్ శివారు క్యూలోని జాతీయ దస్తావేజుల భండారంలో భద్రంగా ఉన్నాయి.

వీలునామాల వెనకే పెళ్లి చట్టం వచ్చింది. మన దేశానికి అసలు బరువైన సంగతి అదే.

చర్చి కోర్టు విడాకులు ఇచ్చేది కాదు. మహా అయితే మంచం వేరు, కంచం వేరు అనేది. వివాహ బంధం మాత్రం తెగదు. దానికి తోడు ఇంకో దావా ఉండేది. భార్య గానీ భర్త గానీ ఇల్లు విడిచి వెళితే రెండోవారు కోర్టుకెక్కి, తిరిగి కాపురానికి రప్పించమని అడగవచ్చు. జడ్జి వెళ్లమంటే వెళ్లాలి. వెళ్లకపోతే పూర్వం వెలి, 1813 తర్వాత ఆరు నెలల దాకా జైలు. విడాకులనేవి లేని వ్యవస్థలో, విడిపోవడమే పాపమని నమ్మే చోట పుట్టిన దావా ఇది.

ఈ దావాను కంపెనీ ప్రభుత్వం మన తీరానికి మోసుకొచ్చింది. కలకత్తా, మద్రాసు, బొంబాయి సుప్రీం కోర్టులకు ఎక్లీజియాస్టికల్ సైడ్, అంటే చర్చి చట్టపు వ్యవహారాలు చూసే విభాగం ఒకటి ఉండేది. బొంబాయిలో ఒక పార్సీ దంపతుల తగువు ఆ విభాగానికే వెళ్లింది. 1856లో, ఇక్కడి అప్పీళ్లు వినే లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, ఇది క్రైస్తవుల కోసం పెట్టిన అధికారం, పార్సీలకు వర్తించదని తేల్చింది. అక్కడితో ఆగితే బాగుండేది. 1867లో ఒక ముస్లిం దంపతుల కేసులో అదే ప్రీవీ కౌన్సిల్, కాపురానికి రప్పించే దావాను మామూలు సివిల్ కోర్టులోనే వేసుకోవచ్చని చెప్పింది. చర్చి గుమ్మంలోంచి రానన్న దావా సివిల్ కోర్టు గుమ్మంలోంచి వచ్చి కూర్చుంది.

ఈలోగా ఇంగ్లండ్‌లో చర్చి కోర్టుల రెక్కలు కత్తిరించారు. 1857 చట్టాలతో వీలునామాలు, పెళ్లిళ్లు మామూలు కోర్టుల పరమయ్యాయి. డాక్టర్స్ కామన్స్ మూతపడింది. భవనం అమ్మేసి పడగొట్టారు. డీన్ ఆఫ్ ది ఆర్చెస్‌కు పాదిరుల క్రమశిక్షణ, పూజావిధానాలు, చర్చి కట్టడాల వ్యవహారాలు మిగిలాయి.

బొంబాయిలో మాత్రం కాపురానికి రప్పించే ఆ దావాకు ఒక ఆడపిల్ల గురైంది. రుక్మాబాయికి 11వ ఏట దాదాజీ భికాజీతో పెళ్లి చేశారు. ఆమె పుట్టింట్లోనే పెరిగింది, చదువుకుంది, అతనితో కాపురానికి వెళ్లనంది. అతను దావా వేశాడు. 1885లో జస్టిస్ పిన్హే, ఈ దావా హిందూ ధర్మశాస్త్రానిది కాదు, ఇంగ్లండ్ చర్చి కోర్టులది, ఎన్నడూ కాపురం చేయని అమ్మాయిని బలవంతంగా పంపలేనని కొట్టేశాడు. మరుసటి ఏడాది అప్పీలులో ఆ తీర్పు తిరగబడింది. 1887 మార్చిలో జస్టిస్ ఫారన్, నెలలోగా భర్త ఇంటికి వెళ్లాలి, లేదా ఆరు నెలలు జైలు అన్నాడు. జైలుకే పోతానందామె. ఆమె వయసు అప్పటికి ఇంకా పాతికేళ్లు నిండలేదు. ఇంగ్లండ్‌లో ఈ దావాకు జైలుశిక్షను 1884లోనే ఎత్తేశారు. దాన్ని పుట్టించిన దేశం వదిలేసిన శిక్ష ఇక్కడ ఇంకా బతికే ఉంది.

1888లో దాదాజీ 2000 రూపాయలు పుచ్చుకుని రాజీపడ్డాడు. రుక్మాబాయి లండన్ వెళ్లి వైద్యం చదివింది. చదువు ముగించి తిరిగొచ్చి ఆమె చేరిన ఊరు సూరత్. అక్కడి ఆడవాళ్ల ఆసుపత్రికి పెద్ద డాక్టరుగా ఏళ్ల తరబడి పురుళ్లు పోసింది. మగ డాక్టరు చేయి పట్టుకోనివ్వని ఇళ్ల ఆడవాళ్లకు ఆమే దిక్కయింది. తర్వాత రాజ్‌కోట్‌లో పనిచేసి 1955లో కన్నుమూసింది. సూరత్ చరిత్రలో ఆక్సెండెన్‌ల గుమ్మటానికి దక్కే ప్రస్తావన కంటే ఎక్కువే ఈమెకు దక్కాలి.

తెలుగునాట ఆంగ్లికన్ చర్చి కథ వేరే దారిన నడిచింది. 1912లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య దోర్నకల్‌కు బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. 1927లో చేసిన చట్టం ప్రకారం 1930 మార్చి 1న భారతదేశపు ఆంగ్లికన్ చర్చికి ఇంగ్లండ్ చర్చితో చట్టబంధం తెగిపోయింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు దోర్నకల్ అందులో కలిసింది. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు అప్పుడు బయటే ఉండిపోయి 1970ల్లో గానీ చేరలేదు. డీన్ ఆఫ్ ది ఆర్చెస్ అనే పాత పదవి మాత్రం ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఉంది. 2001లో షీలా కామెరాన్ ఆ పీఠమెక్కిన తొలి మహిళ. 2020లో మోరాగ్ ఎల్లిస్ ఆ పదవి చేపట్టారు. ఒక ఐరిష్ కుటుంబం తల్లి సమాధి రాయి మీద తమ భాషలో ఒక వాక్యం చెక్కించుకుంటామంటే కింది చర్చి కోర్టు, పక్కన ఇంగ్లీషు అనువాదం లేకుండా కుదరదంది. 2021లో ఆర్చెస్ కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి కుటుంబం కోరినట్టే చెక్కించుకోనిచ్చింది. బాధలో ఉన్నవాళ్ల మాట విన్న తీర్పు అది.

మనకు మిగిలిన పాత బాకీ కాపురం దావా. 1869 విడాకుల చట్టంలో క్రైస్తవులకూ, 1955 హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌లో హిందువులకూ అది వచ్చి చేరింది. క్రైస్తవ స్త్రీలది ఇంకో కష్టం. భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి చూపిస్తే విడాకులు వచ్చేవి. భార్య మాత్రం వ్యభిచారానికి తోడు క్రూరత్వమో, వదిలివేయడమో కూడా రుజువు చేయాలి. జిల్లా కోర్టు విడాకులిచ్చినా హైకోర్టు ఖాయం చేసేదాకా చెల్లదు. గుంటూరులోనో ఖమ్మంలోనో గెలిచిన మనిషి మళ్లీ హైదరాబాదు చుట్టూ తిరగాలి. ఈ రెండు నిబంధనలూ 2001 సవరణతోనే పోయాయి.

9వ సెక్షన్ మీద మొదటి పెద్ద దెబ్బ పడింది తెలుగు గడ్డ మీదే. కడప సబ్ కోర్టులో భర్త వేసిన దావాలోంచి వచ్చిన సరిత కేసులో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఏ. చౌదరి ఆ సెక్షన్ రాజ్యాంగవిరుద్ధమని కొట్టేశారు. దాని పుట్టుక ఇంగ్లండ్ చర్చి కోర్టుల్లో ఉందని గుర్తుచేశారు. ఎవరితో కలిసి ఉండాలో, బిడ్డను ఎప్పుడు కనాలో ఆడమనిషి చేతిలోంచి తీసి ప్రభుత్వం చేతిలో పెట్టే చట్టం ఆమె ఆంతరంగిక జీవితాన్నీ గౌరవాన్నీ దెబ్బతీస్తుందన్నారు. చట్టం ఇద్దరికీ ఒకటే అయినా మోసేది ఆడదేనని కూడా అన్నారు. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీం కోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి సెక్షన్‌ను నిలబెట్టింది. ఇంగ్లండ్ 1970లోనే చట్టం చేసి ఈ దావాను రద్దుచేసుకుంది. మన దగ్గర జైలుశిక్ష 1923లో పోయింది గానీ, డిక్రీకి లోబడకపోతే ఆస్తి జప్తు చేయించే నిబంధన సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 32వ రూలులో ఇంకా ఉంది. 9వ సెక్షన్‌ను కొట్టేయాలంటూ 2019లో సుప్రీం కోర్టులో మళ్లీ పిటిషన్ పడింది.