దసరా విల్లంబులు, టల్సా జూలో గుమ్మడికాయలు

బెంటన్‌విల్‌లో జూ లేదు. ఆర్కన్సా రాష్ట్రానికి వాయవ్య మూలన ఉన్న ఈ ఊరికి పేరు వచ్చింది 1950లో శామ్ వాల్టన్ కూడలిలో తెరిచిన చిల్లర సామాన్ల కొట్టు వల్ల, ఆ తర్వాత పెరిగిన వాల్‌మార్ట్ కంపెనీ వల్ల. మన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఇన్ని చేరడానికి కారణమూ ఆ కంపెనీయే. 2011 నుంచి క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే గొప్ప చిత్రశాల కూడా ఉన్నది. కాని పిల్లలకు నగరపు జూ చూపించాలంటే తూర్పు దక్షిణంగా మూడు గంటలకు పైగా పోయి లిటిల్ రాక్ అయినా చేరాలి, లేదా పడమటికి రెండు గంటలు పోయి ఓక్లహోమాలోని టల్సా అయినా చేరాలి. మేము దగ్గర దారి పట్టాము.

వెళ్ళింది అక్టోబరు నెలాఖరున, హాలోవీన్ వేడుకకు. ఆ మాట నడుమ జూను ఇరికించి 'హాలోజూయీన్' అని అక్కడివారు పేరు పెట్టుకున్నారు. లిటిల్ రాక్‌లోనూ ఇటువంటిదే ఉన్నది. దాని పేరు 'బూ ఎట్ ది జూ'. ఈ పేరుతో దేశమంతటా ఎన్నో జూలు వేడుక జరుపుతాయి. పిల్లలు వేషాలు వేసుకుని వస్తారు. దారి పొడవునా బల్లల దగ్గర పెద్దవాళ్ళు నిలబడి మిఠాయిలు సంచుల్లో వేస్తుంటారు. మా మనవరాలు పులివేషం వేసుకుంది. టిక్కెట్లు కొని లోపలికి వెళ్ళి వరుసగా చేయి చాచడమంటే డబ్బిచ్చి అడుక్కోవడమే కదా అని మాకు నవ్వు వచ్చింది. అప్పుడే ఆ పిల్ల అడిగింది: "తాతయ్యా, నీ చిన్నప్పుడు నువ్వు కూడా ఇలా ఇంటింటికీ వెళ్ళేవాడివా?"

లేదు అన్నాము. ఆ జవాబు సగమే నిజం. మేము వెళ్ళలేదు గాని మా నాన్నగారు వెళ్ళారు. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు హాలోవీన్ మాట. ఐర్లండు, స్కాట్లండు ప్రాంతాల కెల్టు జాతివారు పంటల కాలం ముగిసి చలికాలం మొదలయ్యే నవంబరు 1న 'సావిన్' అనే పండుగ చేసుకునేవారు. ముందటి రాత్రి చనిపోయినవారు తిరుగుతారని నమ్మకం. తొమ్మిదో శతాబ్దానికల్లా క్రైస్తవ చర్చి అదే తేదీని సకల పుణ్యాత్ముల పండుగగా స్థిరపరచింది. దాని ముందు రాత్రి అనే అర్థంలోనే హాలోవీన్ అనే మాట పుట్టింది. నవంబరు 2 చనిపోయిన ఆత్మలన్నిటి రోజు. ఇంగ్లండులో ఆ రోజుల్లో బీదవాళ్ళు ఇంటింటికీ పోయి, ఆ ఇంటి మృతుల కోసం ప్రార్థిస్తామని చెప్పి చిన్న రొట్టెలు అడిగి పుచ్చుకునేవారు. మనకు మహాలయ అమావాస్యతో పితృపక్షం ముగిసి, మర్నాడే దసరా నవరాత్రులు మొదలవుతాయి. పెద్దలను తలుచుకోవడమూ, పిల్లలు వీధిన పడి అడగడమూ రెండు దేశాలలోనూ ఒకదాని పక్కన ఒకటి ఉండడం మాకు విచిత్రంగా తోచింది. ఒకటి రెండోదాని నుంచి వచ్చిందని మేము అనడం లేదు.

1840 దశకపు బంగాళాదుంపల కరువులో ఐర్లండు నుంచి లక్షలాది మంది అమెరికా చేరారు. ఈ ఆచారమూ వారి వెంట వచ్చింది. అక్కడ టర్నిప్ దుంపలను తొలిచి దీపం పెట్టేవారు. ఇక్కడ గుమ్మడికాయ దొరికింది, అది పెద్దదీ, తొలవడానికి సులువూ. మిఠాయి మాత్రం చాలాకాలం ముఖ్యం కాదు, అల్లరే ముఖ్యం. గేట్లు ఊడదీయడం, బండ్లు ఇంటి కప్పు ఎక్కించడం వంటి పనులు ఊళ్ళకు పెద్ద తలనొప్పి అయ్యాయి. మిన్నెసోటాలోని అనోకా పట్టణం 1920లో కుర్రవాళ్ళ అల్లరి మాన్పించడానికి ఊరేగింపు పెట్టింది. ఆర్థికమాంద్యపు రోజుల్లో అల్లరి ఇంకా ముదిరింది. అప్పుడు పెద్దలు ఆలోచించి, గేటు విరగకుండా ఉండడానికి గుప్పెడు మిఠాయి ఇవ్వడం మేలని తేల్చుకున్నారు. యుద్ధకాలంలో, 1942 నుంచి 1947 వరకు, చక్కెర రేషను వల్ల అదీ తగ్గింది. రేషను ఎత్తివేశాక ఇంటింటికీ తిరగడం ఊరూరా పాకింది. అంటే ఇప్పుడు అనాదిగా కనిపించే ఈ ఆచారం మా తరం కన్నా ఎంతో పెద్దది కాదు.

ఇక జూ లోపలికి ఎందుకు వెళ్ళిందంటే, భయం వల్ల. 1974 హాలోవీన్ రాత్రి టెక్సాస్‌లో ఒక పిల్లవాడు విషం కలిపిన మిఠాయి తిని మరణించాడు. విషం పెట్టింది కన్నతండ్రి, బీమా డబ్బు కోసం. 1984లో అతనికి మరణశిక్ష అమలు జరిగింది. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో తలనొప్పి మాత్రలలో విషం కలపగా ఏడుగురు చనిపోయారు. దానికీ హాలోవీన్‌కూ సంబంధం లేదు గాని నెల రోజుల్లో ఆ పండుగ వచ్చింది. తల్లిదండ్రులు మిఠాయిలు ఒక్కొక్కటీ వెలుతురులో పట్టి చూశారు. ఇంట్లో చేసిన లడ్డూ వంటివీ, ఆపిల్ పండ్లూ చెత్తబుట్టలోకి పోయాయి. జోయెల్ బెస్ట్ అనే సమాజశాస్త్రజ్ఞుడు 1958 నుంచి పత్రికలలో వచ్చిన వార్తలన్నీ వెదికి 1985లో ఒక సంగతి బయట పెట్టారు: ముక్కూమొగం తెలియనివారు ఇచ్చిన హాలోవీన్ మిఠాయి వల్ల ఏ పిల్లా చనిపోయిన దాఖలా దొరకలేదు. ఆ మాట ఎవరికి పట్టింది? కంచె, కాపలా, దీపాలు ఉన్న చోట్లు పిల్లలకు క్షేమమని జనం అటు మళ్ళారు. బజారు భవనాలు, చర్చి ఆవరణలు, జూలు ఆ విధంగా పండుగకు వీధులయ్యాయి.

టల్సా జూ 1927 నాటిది, మొహాక్ పార్కులో ఉన్నది. లిటిల్ రాక్ జూ అంతకు ఏడాది ముందు ఒక తోడేలుతో, సర్కసు నుంచి వచ్చిన ఒక ఎలుగుబంటితో మొదలైందని చెబుతారు. మన హైదరాబాదులో బాగే ఆమ్‌లో ఉండిన జంతువులకు మీరాలం చెరువు దగ్గర కొత్త చోటు దొరికి, నెహ్రూ జూ పార్కు 1963 అక్టోబరు 6న తెరుచుకున్నది. అక్కడ దసరా సెలవుల్లో పిల్లలు పులిని చూడడానికి వెళతారు. పులివేషం మాత్రం వీధిలో ఆడేది. దసరాకూ, పీర్ల పండుగకూ ఒళ్ళంతా పసుపు, నలుపు చారలు పూసుకుని డప్పుకు ఎగిరే పులివేషగాడు ప్రతి గుమ్మం ముందూ ఆగేవాడు.

ఇక మా నాన్నగారి సంగతి. మా తాతగారు కాకినాడ దగ్గరి పల్లెలో వీధిబడి పంతులు. మా నాన్నగారూ పంతులే, కాని బొంబాయిలో. మేమూ బడిలోనే జీవితం గడిపాము. మాకు తెలుగు చదువు వచ్చింది బొంబాయిలో సాయంకాలపు తరగతిలో. అందుకే ఈ వ్యాసంలో తప్పులుంటే చదువరులు మన్నించాలి. ఆ తరగతిలో ఒకనాడు మాస్టారు దసరా విల్లంబుల గురించి చెప్పారు. పిల్లలకు కొత్త బట్టలు తొడిగి, రంగు కాగితాలు అంటించిన విల్లూ అంబులూ చేతికిచ్చి, పంతులుగారు ఇంటింటికీ తీసుకుపోయేవారు. పిల్లలు పద్యాలు పాడి, పూలూ బుక్కాగుండా చల్లేవారు. ఇంటివారు పంతులుగారికి డబ్బో ధోవతో, పిల్లలకు పప్పు బెల్లాలూ ఇచ్చేవారు. మాకు ఎంతో ముచ్చట వేసింది. ఇంటికి వచ్చి నాన్నగారిని అడిగాము.

ఆయనకు ముచ్చట లేదు. "మిగతా పిల్లలు పప్పు బెల్లాల కోసం చూసేవారు, నేను మా నాన్న చేతుల వంక చూసేవాణ్ణి" అన్నారు. అడిగిన ఇల్లల్లా ఇచ్చేది కాదు. ఒకరు అణా ఇస్తారు, ఒకరు సాయంత్రం రమ్మంటారు. రెండు చేతులా పుచ్చుకునే ఆ మనిషి మర్నాడు అదే ఇంటి పిల్లవాణ్ణి గోడకుర్చీ వేయించాలి. వీధిబడి పంతులుకు నెలజీతం నికరం కాదు. ఏడాది రాబడిలో పెద్ద వంతు ఆ నాలుగు రోజుల్లో రావాలి. మద్రాసు రాష్ట్రంలో 1920 నాటి చట్టాల తర్వాత బోర్డు బళ్ళు పెరిగి, జీతాలు వచ్చిన కొద్దీ పంతుళ్ళు గుమ్మాలు ఎక్కడం మానుకున్నారు. ఆచారం పోయిందని బాధపడేవారికి మా నాన్నగారి జవాబు ఒకటే: "జీతం వచ్చింది గనక పోయింది."

ఆయన ఇంకొకటి కూడా చెప్పారు. ఆ విల్లంబులు మాలపల్లి వైపు ఒక్కనాడూ తిరగలేదు. ఆ పిల్లలు బడిలోనే లేరు. వీధి అంతా ఒక్కటై చేసుకున్న పండుగ అని మనం సంచికల్లో వ్రాసుకునేటప్పుడు ఆ కంచె మనకు కనబడదు. హాలోవీన్ ఈ ఒక్క విషయంలో మెరుగని మేము ఒప్పుకుంటాము. ఎవరి పిల్ల అని అడగకుండా సంచిలో వేస్తారు. టల్సా జూలో మా పులిపిల్లకు ఎవరూ ఊరూ పేరూ అడగలేదు.

నిజం పులి అద్దం అవతల ఉన్నది. మనవరాలు చారల చేతులు రెండూ అద్దానికి ఆనించి గర్జించింది. పులి ఒకసారి చూసి, అటు తిరిగి పడుకున్నది.

బెంటన్‌విల్‌లో మా మొదటి హాలోవీన్ నాడు మేము వాకిటి దీపం ఆర్పి లోపల కూర్చున్నాము. తలుపు తట్టేవారికి ఏమివ్వాలో తెలియక, కొంత భయంతోనూ. దీపం ఆరితే రావద్దని గుర్తు అని మర్నాడు పొరుగువారు చెప్పారు. మాకు తెలియకుండానే మర్యాద పాటించామన్నమాట. టల్సా నుంచి వచ్చాక, పండుగ రాత్రి, ఈసారి దీపం వేశాము. పళ్ళెంలో చాక్లెట్లతో పాటు చిన్న కాగితపు పొట్లాల్లో పుట్నాల పప్పూ బెల్లం ముక్కలూ పెట్టాము. చేత్తో కట్టిన పొట్లం ఇక్కడ ఎవరూ తీసుకోరని కోడలు ముందే చెప్పింది. అన్నట్టే జరిగింది. పిల్లలు చాక్లెట్లు తీసుకుని థాంక్యూ చెప్పి పోయారు. మేమూ బలవంతం చేయలేదు.

తొమ్మిది కావస్తుండగా మూడో ఇంటి పిల్లవాడు అస్థిపంజరం వేషంలో వచ్చి పొట్లం చేతిలోకి తీసుకుని ఇదేమిటని అడిగాడు. మా బడిలో మా తాతగారి నాటి దసరా మిఠాయి అని చెప్పాము. వాడు వెనక్కి తిరిగి, వీధి చివర నిలబడ్డ తల్లి వంక చూశాడు. ఆవిడ మమ్మల్ని చూసి, కాసేపు ఆగి, తల ఊపింది. వాడు అక్కడే విప్పుకుని నోట్లో వేసుకున్నాడు.