మర్రిగూడ నీళ్లు, మూత్రపిండాల పద్దు

హైదరాబాదు నుంచి సాగర్ రోడ్డున ఇబ్రహీంపట్నం, మాల్ దాటి లోపలికి మళ్లితే మర్రిగూడ మండలం. బత్తాయి తోటలు, పత్తి చేలు, నడుమ నడుమ నేలలోంచి లేచిన బండలు. ఈ ఊరి పేరెత్తితే ముందు బొక్కల మాటే వస్తుంది. వంకర తిరిగిన కాళ్లు, బిగుసుకుపోయిన మెడ, గార పళ్లు. ఫ్లోరైడ్ మీద వార్త రాసిన ప్రతి పత్రికా ఇదే ఫొటో వేసింది. ఆ ఫొటోలో పడని అవయవం ఒకటుంది. తాగిన నీటితో లోపలికొచ్చిన ఫ్లోరైడ్‌లో ఎంత బయటికి పంపాలో తేల్చేది మూత్రపిండం. అది పంపలేక మిగిలిందే బొక్కల్లో చేరుతుంది. అంటే ఈ ప్రాంతపు బొక్కల చరిత్ర సగం కిడ్నీల చరిత్రే. ఆ సగం ఎవరూ పెద్దగా రాయలేదు.

నడుము పైభాగాన, వెన్నుకు అటొకటి ఇటొకటి, పిడికిలంత ఉండే ఈ అవయవాలు ఒక్కోటి సుమారు 150 గ్రాములే తూగుతాయి. కానీ గుండె కొట్టే రక్తంలో దాదాపు ఐదో వంతు వీటికే పోతుంది. లోపలి వడపోత ఉండలను మొదట చూసినవాడు ఇటలీ వైద్యుడు మాల్పిఘి. 1666లో సూక్ష్మదర్శిని కింద చిన్న చిన్న రక్తనాళాల ఉండలు చూశాడు. ఆ ఉండ చుట్టూ ఉన్న తొడుగు, దాని నుంచి సాగే సన్నని గొట్టం కలిసి ఒకే యంత్రమని 1842లో లండన్‌లో బౌమన్ తేల్చేదాకా 176 ఏళ్లు పట్టింది. ఆ యంత్రమే నెఫ్రాన్. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షలు ఉంటాయి. రోజుకు 180 లీటర్ల నీరు వాటిలోంచి వడకట్టుకుంటుంది. అందులో బయటికి పోయేది లీటరున్నర. మిగతాదంతా గొట్టాలు మళ్లీ రక్తంలోకి లాక్కుంటాయి. జల్లెడ అంటే చెత్త పట్టి మంచిది వదిలేది. కిడ్నీ ముందు దాదాపు అంతా వదిలేసి, కావలసింది ఏరుకుని వెనక్కి తెచ్చుకుంటుంది. వడ్లు కల్లంలో ఆరబోసి, గింజ గింజా ఏరి గాదెలో పోసుకునే పని.

ఆ పని చెడితే ఎలా తెలుస్తుంది? 1827లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఒళ్లంతా ఉబ్బిన రోగుల మూత్రం చెంచాలో తీసుకుని కొవ్వొత్తి మంట మీద పట్టేవాడు. మంచి మూత్రం కాగినా తేటగానే ఉంటుంది. వీళ్లది కోడిగుడ్డు తెల్లసొనలా ముద్దకట్టింది. రక్తంలో ఉండాల్సిన ప్రోటీను మూత్రంలోకి కారిపోతోంది. ఆ రోగులు చనిపోయాక కోసి చూస్తే కిడ్నీలు చెడిపోయి ఉన్నాయి. ఇప్పుడు పీహెచ్‌సీలో రంగు మారే కాగితపు పట్టీ మూత్రంలో ముంచి చేసేది ఆ చెంచా పరీక్షే. రెండు వందల ఏళ్లవుతోంది. అంత చవకైన పరీక్ష ఇంకోటి రాలేదు.

మన నేలకొద్దాం. తెలుగునాట ఫ్లోరైడ్ జబ్బు మొదట లెక్కకెక్కింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, తర్వాత ప్రకాశం జిల్లాగా మారిన ప్రాంతపు పల్లెల్లో. నిజాం రాజ్యంలో సంగతిని 1945లో డేవర్ అనే వైద్యుడు ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశాడు. పదేళ్లకు, 1955లో, ఎ.హెచ్. సిద్దికీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మర్రిగూడకు కరెంటు బోర్లు రాకముందే నల్లగొండ పేరు లండన్ పత్రికలో అచ్చయిందన్న మాట. చదివినవాళ్లకు తెలిసింది, తాగేవాళ్లకు తెలియలేదు.

ఇక్కడి గ్రానైటులోనే ఫ్లోరైడ్ ఉంది. చేదబావి తవ్వుకున్నంత కాలం కొంత నయం. కరువులు తరిమి బోరు లోతుకు దిగేకొద్దీ నీళ్లు రాతితో ఎక్కువ కాలం గడిపి, ఎక్కువ ఫ్లోరైడ్ పట్టుకుని పైకొచ్చాయి. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోవడం మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన ప్రమాణం. నల్లగొండ భూగర్భజలాల్లో 20 దాకా దొరికిన నమూనాలున్నాయి.

అంత ఫ్లోరైడ్ లోపలికొస్తే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల కిడ్నీలు సుమారు సగాన్ని మూత్రంలో పంపేస్తాయి. మిగిలింది బొక్కల్లోకి పోతుంది. పిల్లల ఒంట్లో ఇంకా ఎక్కువ నిలుస్తుంది, ఎదిగే బొక్క లాగేసుకుంటుంది కనుక. కిడ్నీ పని తగ్గినవాడికి ఈ లెక్క తారుమారవుతుంది. బయటికి పోయేది తగ్గి, లోపల నిలిచేది పెరుగుతుంది. అక్కడితో ఆగదు. చెడిపోతున్న కిడ్నీ మొదట పోగొట్టుకునే శక్తుల్లో మూత్రాన్ని చిక్కబరచడం ఒకటి. రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది, దాహం పెరుగుతుంది, మనిషి ఇంకో చెంబెడు తాగుతాడు. తాగేది అదే బోరు నీరు. 1972లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇలాంటి ఇద్దరి గురించి రాశారు. కిడ్నీలు దెబ్బతిన్న ఆ ఇద్దరికీ, లీటరుకు 3 మిల్లీగ్రాములు కూడా లేని నీటితోనే ఫ్లోరోసిస్ వచ్చింది. ఎండాకాలం చేలో పనిచేసి బిందెడు నీళ్లు తాగే మర్రిగూడ రైతును ఆ పక్కన నిలబెట్టి చూడండి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఈ జిల్లాను వదల్లేదు, ఆ పుణ్యం దానికి దక్కాలి. 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్‌లో కొత్త సంగతి రాశారు. పెద్దవాళ్ల నడుములు బిగుసుకోవడంతో పాటు ఎదిగే పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయని. 2002లో అదే సంస్థ పరిశోధకులు బడిపిల్లలకు 18 రోజులు రోజుకు 10 గ్రాముల చింతపండు తినిపించి మూత్రం పరీక్షించారు. మూత్రంలో పోయే ఫ్లోరైడ్ రోజుకు 3.5 మిల్లీగ్రాముల నుంచి 4.8కి పెరిగింది. జొన్నరొట్టెతో పచ్చిపులుసు తినే ఇంట్లో ఎవరూ ఈ లెక్క చూసి పులుసు పిసకలేదు. మూత్రం దారిన పోయే ఫ్లోరైడ్‌ను తిండితో పెంచవచ్చని ఈ నేల మనుషుల మీద పరీక్షించి చూపిన పని ఆ పరిశోధన. కిడ్నీ సగం చెడినవాడికి మాత్రం చింతపండు చిట్కా చెప్పకూడదు, దానిలోని పొటాషియం వాడికి వేరే గండం.

1975లో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి బయటపెట్టి దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. ఆ పేరు టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. ఇంట్లో అయితే బకెట్టులో పటిక, సున్నం వేసి కలిపి, అడుగున మడ్డి దిగాక పైతేట తీసుకోవాలి. పాళ్లు రోజూ సరిచూడాలి, మడ్డి పారబోయాలి. పేరిచ్చిన ఊళ్లలోనే అది నిలవలేదు. పటికలో ఉండేది అల్యూమినియం. పాళ్లు తప్పితే కొంత నీటిలో మిగులుతుంది. మామూలు మనిషికి కిడ్నీలు దాన్ని తోసేస్తాయి. అల్యూమినియం చేసే చెరుపు 1970లలో బయటపడింది ఇంకోచోట, డయాలిసిస్ గదుల్లో. మునిసిపల్ నీటిలో కలిపిన అల్యూమినియం యంత్రం గుండా నేరుగా రక్తంలోకి పోయి, రోగులకు బొక్కలు మెత్తబడ్డాయి, మాట తడబడింది, మతి చెడింది.

డయాలిసిస్ కథ యుద్ధకాలంలో మొదలైంది. 1943లో జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ అనే చిన్న ఊళ్లో, విలెం కోల్ఫ్ మాంసం కూరే సెలోఫేన్ తొడుగును చెక్క పీపాకు చుట్టి, దానిలో రోగి రక్తం తిప్పి, పీపాను ఉప్పునీటి తొట్టిలో తిప్పాడు. రక్తంలోని యూరియా సెలోఫేన్ గుండా నీటిలోకి దిగింది. మొదట ఎక్కినవాళ్లలో దాదాపు అందరూ చనిపోయారు. 1945లో 67 ఏళ్ల ఒక స్త్రీ కోమాలోంచి లేచింది. నాజీలతో చేతులు కలిపినందుకు ఊరంతా అసహ్యించుకున్న మనిషి ఆమె. కోల్ఫ్ అది పట్టించుకోలేదు. ఆమెకు ఏళ్ల ఆయుష్షు వచ్చింది.

ప్రతిసారీ కొత్త రక్తనాళం కోయాల్సిరావడంతో ఆ యంత్రం కొన్ని రోజుల గండం గట్టెక్కించడానికే పనికొచ్చేది. 1960లో సియాటిల్‌లో స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టం చేతికి అమర్చి వదిలేశాక వారం వారం డయాలిసిస్ కుదిరింది. రోగులెక్కువ, యంత్రాలు తక్కువ. ఎవరిని బతికించాలో తేల్చడానికి అక్కడ మామూలు పౌరులతో ఒక కమిటీ వేశారు. ఉద్యోగం ఉందా, పెళ్లాం పిల్లలున్నారా, చర్చికి పోతాడా అని చూసేవాళ్లు. 1966లో బ్రెషియా, సిమినో చేతి ధమనిని సిరతో కలిపే ఫిస్టులా పద్ధతి చెప్పారు. ఇప్పుడు నల్లగొండ ఆసుపత్రిలో మంచం మీదున్న మనిషి ముంజేతి మీద తాడులా ఉబ్బి, వేలు పెడితే జలజలమని అదిరేది అదే.

ఆ మంచం పక్కన నిలబడి చూస్తే అసలు వింత యంత్రం వెనక కనిపిస్తుంది. ఒక్కసారి డయాలిసిస్‌కు నాలుగు గంటలు, సుమారు 120 లీటర్ల నీరు. ఆ నీరు కార్బన్ తొట్టి, ఆర్వో పొరలు దాటి, తాగే నీటికన్నా ఎన్నో రెట్లు శుద్ధమై రావాలి. ఎందుకంటే రక్తానికీ ఆ నీటికీ మధ్య ఉండేది వెంట్రుకకన్నా పల్చని పొర. 1993లో షికాగోలో ఒక డయాలిసిస్ కేంద్రంలో నీటిని శుద్ధి చేసే తొట్టి నిండిపోయి, పట్టి ఉంచిన ఫ్లోరైడ్‌ను ఒక్కసారిగా వదిలేసింది. 12 మంది జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. ముప్పై ఏళ్లు బోరు నీటి ఫ్లోరైడ్ తాగిన మనిషికి, కిడ్నీలు పోయాక, వారానికి 360 లీటర్లు ఫ్లోరైడ్ లేని నీరు పట్టుకుని కూర్చోబెడతాం. అందులో పదో వంతు ముందే ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో.

నీటి కోసం చేసిన పోరు కథ అందరికీ తెలిసిందే కనుక రెండు ముక్కల్లో చెబుతాను. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో నల్లగొండలో అభ్యర్థులు 480 మంది అయ్యారు, బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. 2003లో మర్రిగూడ మండలం శివన్నగూడకు చెందిన ఫ్లోరోసిస్ బాధితుడు అంశాల స్వామిని ఢిల్లీ తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయి బల్ల మీద కూర్చోబెట్టారు. మిషన్ భగీరథ పథకంతో కృష్ణా నీళ్లు వచ్చాక, 2020లో కేంద్రం లెక్కల్లో తెలంగాణలో ఫ్లోరైడ్ ఆవాసాలు సున్నా అయ్యాయి. స్వామి 2023 జనవరిలో కన్నుమూశాడు.

సున్నా అయింది నీటి లెక్క. ఒంట్లో ఉన్న ఫ్లోరైడ్‌లో 99 శాతం బొక్కల్లో, పళ్లలో ఉంటుంది. మంచినీళ్లు మొదలయ్యాక అది ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగి, కిడ్నీల గుండానే పోవాలి. పాత అప్పు తీర్చే చేతులు అవే. ఆ చేతుల్ని మనం ఇంకోవైపు నుంచి విరుస్తున్నాం. బొక్కల నొప్పులున్న మనిషి ఏం చేస్తాడు? పొద్దున ఒకటి, రాత్రి ఒకటి నొప్పుల గోలీ. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూదిమందు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచే పదార్థాన్నే ఆపేస్తాయి. నాలుగు రోజులు వాడితే ఏమీ కాకపోవచ్చు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగక, ఏళ్ల తరబడి రోజూ మింగితే కిడ్నీ ఎండిపోవచ్చు. ఫ్లోరైడ్ తనంతట తాను కిడ్నీని ఎంత చెరుస్తుందన్న దాని మీద శాస్త్రవేత్తల్లో వాదనలున్నాయి. గోలీల మీద అంత వాదన లేదు.

చెడిన కిడ్నీ మళ్లీ బొక్కల మీదే పడుతుంది. ఎండ వల్ల వచ్చే విటమిన్ డిని పనికొచ్చే రూపానికి మార్చేది కిడ్నీ అని 1970లో కేంబ్రిడ్జిలో ఫ్రేజర్, కోడిచెక్ కనిపెట్టారు. అది ఆగితే బొక్కలు బలహీనపడి నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగితే ఇంకో గోలీ.

సహాయం రాలేదనను. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో పక్కనున్న మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణ వచ్చాక ఉచిత డయాలిసిస్ జిల్లా ఆసుపత్రుల దాకా, చిన్న పట్టణాల దాకా చేరింది. 2013లో నిమ్స్ కేంద్రంగా జీవన్‌దాన్ మొదలై, చనిపోయినవారి అవయవాలు దక్కే దారి ఏర్పడింది. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీలు పోతున్న వేలమంది కోసం 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అక్కడ కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మన దగ్గర తెలిసిన కారణాలే ఉన్నాయి. బీపీ, షుగరు, నొప్పుల గోలీలు.

కిడ్నీ సగానికి పైగా పోయేదాకా రక్తంలోని క్రియాటినిన్ అనే వ్యర్థం లెక్క మామూలుగానే కనిపించవచ్చు. నొప్పి ఉండదు, మూత్రం వస్తూనే ఉంటుంది. ముఖం ఉబ్బి, అన్నం సయించక ఆసుపత్రికి వచ్చేసరికి వారానికి మూడు రోజులు బస్సెక్కి మంచం మీద పడుకోవడం తప్ప మార్గం ఉండదు. అందుకే మర్రిగూడ పీహెచ్‌సీకి బొక్కల నొప్పులతో వచ్చే ప్రతి మనిషినీ అడగాల్సిన మాట ఒకటుంది. ఏ గోలీ వేసుకుంటున్నావు, ఎన్నేళ్లయింది? అడిగాక ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను చూడండి. మీ ఇంట్లో పెద్దవాళ్ల గూట్లో నొప్పుల గోలీల పట్టీలుంటే, ఈసారి ఆసుపత్రికి పోయేటప్పుడు అవీ వెంట పట్టుకుపోండి.