హైదరాబాదు రాజ్యమున పరీక్షలు - విద్యార్థుల మనోవైఖరి

నేటి విద్యార్థులకు పరీక్షలన్న భయము మెండు, శ్రద్ధ తక్కువ యను మాట ఉపాధ్యాయలోకమున తరచుగ వినబడుచున్నది. ఈ భయము విద్యార్థి స్వభావమునుండి పుట్టినదా, లేక పరీక్షావిధానమునుండి పుట్టినదా యని విచారించుట యీ వ్యాసోద్దేశము. ఈ ప్రశ్నకు హైదరాబాదు రాజ్య విద్యాచరిత్ర కొంత సమాధానము నీయగలదని మేము తలంచుచున్నాము.

పూర్వము మన పాఠశాలలలో పరీక్ష లేకపోలేదు. పాఠమును గురువు నెదుట ఒప్పగించుటయు పరీక్షయే. కాని అడుగువాడు చదువు చెప్పినవాడే. చెప్పువాడొకడు, పరీక్షించువాడు వేరొకడు అను పద్ధతి 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసిన పిదప దక్షిణదేశమున స్థిరపడినది. లండను విశ్వవిద్యాలయము మాదిరిగ నేర్పడిన యా సంస్థ తొలుత బోధించునది కాదు, పరీక్షించి పట్టములిచ్చునది. 1887లో హైదరాబాదున వెలసిన నిజాము కళాశాల దానికే అనుబంధమై యుండెను. కావున అచ్చటి విద్యార్థి తన జవాబులను ఆంగ్లమున వ్రాసి, తానెన్నడును చూడని పరీక్షకుని తీర్పునకు వేచియుండవలసివచ్చెను.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము నెలకొనగా బోధనభాష ఉర్దూ అయ్యెను. పరభాషను వల్లించు శ్రమ తగ్గినచో విషయగ్రహణము పెరుగునని స్థాపకులు ఆశించిరి. వారి వాదము సరియైనదే. కాని యా రాజ్యమున మిగిలిన యే భాషకంటెను తెలుగు మాటాడువారే యెక్కువ. నగరమునకు దక్షిణమున నున్న మహేశ్వరము వంటి గ్రామమున తెలుగింట పుట్టిన బాలునికి ఆంగ్లమెట్లో ఉర్దూయు అట్లే నేర్చుకొనవలసిన భాష. రాయప్రోలు సుబ్బారావుగారు అధ్యాపకులైన తెలుగుశాఖ అచ్చట లేకపోలేదు. అయినను చరిత్ర, గణితము మొదలగువానిని ఉర్దూలోనే వ్రాయవలెను. అట్టివానికి ప్రతి పరీక్షయు రెండు పరీక్షలు: ఒకటి విషయమున, రెండవది భాషయందు.

ఇక 1938 నాటి వందేమాతరోద్యమమును గమనింతము. నిషేధమును లెక్కింపక వసతిగృహములలో గీతమును పాడిన విద్యార్థులు బహిష్కృతులైరి. పరీక్షకు వెఱతురని మనమెంచు యువకులు తమ పట్టములనే పణముగ నొడ్డిరి. అయినను వారు పరీక్షను త్యజింపలేదు. పలువురు నాగపురమునకు పోయి, ఆ విశ్వవిద్యాలయమున చేరి చదువు సాగించిరి. వారు నిరసించినది పరీక్షను కాదు, తమ్ము మన్నింపని వ్యవస్థను. ఆ యుద్యమమున పాల్గొన్న పి. వి. నరసింహారావుగారే 1968లో తెలుగు అకాడమికి తొలి అధ్యక్షులై, ఉన్నతవిద్యకు తెలుగు గ్రంథములు సమకూర్చు కార్యమునకు పూనుకొనుట గమనార్హము.

భాష యొక్కటియే కారణమని మేమనము. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములలో తప్పులు బయటపడినవి. ఫలితములు వెలువడిన దినములలో పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. పిదప ప్రభుత్వము ఉత్తీర్ణులు కానివారి పత్రములను రుసుము లేక తిరిగి పరిశీలింప నాజ్ఞాపించెను. తన పత్రమును ఎవరో, ఎట్లో దిద్దుదురన్న శంక విద్యార్థి నెంత క్రుంగదీయునో దీనినిబట్టి యూహింపవచ్చును.

దీనినిబట్టి తేలునది యేమన: తన భాషలో అడిగి, న్యాయముగ దిద్దుదురను నమ్మకము గల విద్యార్థికి పరీక్ష శ్రమయే కాని శిక్ష కాదు. ఆ నమ్మకము సడలినచోటనే శ్రమ భయముగ మారుచున్నది. 2022లో తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో ఆంగ్లబోధనము ప్రవేశించుటచే మహేశ్వర బాలునికి ఆ రెండవ పరీక్ష మరల ఎదురైనది. కావున విద్యార్థి భయమును నిందించుటకు ముందు, అతని తప్పు విషయమున దొర్లినదా, భాషయందు దొర్లినదా యని వేరుచేసి చూచుటయు, దిద్దిన పత్రమును అతనికి చూపి కారణము తెలుపుటయు పరీక్షకులమైన మన విధి.